సీనియారిటీ ప్రకారం జ్ఞానోదయం

మా ఆఫీసులో జ్ఞానోదయం సీనియారిటీ ప్రకారమే అవుతుంది. పైవారికి కాకముందు కిందివారికి కావడానికి వీల్లేదు. ఈ నిబంధన చదివి నవ్వినవాళ్ళున్నారు. నవ్వుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. కానీ దాన్ని రాసింది నేనే కాబట్టి, ఎందుకు రాశానో, రాశాక ఏమైందో చెప్పే బాధ్యత కూడా నాదే.

గుంటూరులో ప్రాచ్య తత్వ దూరవిద్యా కేంద్రం అని ఒకటుంది. మాదే. బౌద్ధం మీద, కన్ఫ్యూషియస్ తత్వం మీద ఏడాది డిప్లొమా ఇస్తాం. చదివేవాళ్ళు ఆరొందల మంది దాకా ఉంటారు. స్కూలు టీచర్లు, బస్సు కండక్టర్లు, నర్సులు, ఇంటిపని తెమిలాక కాస్త తీరిక దొరికే ఆడవాళ్ళు. పాఠాలు చెప్పే లెక్చరర్లు ఇద్దరుండేవారు. వాళ్ళు రిటైరై తొమ్మిదేళ్ళయింది, వాళ్ళ స్థానంలో ఎవరూ రాలేదు. ఆఫీసు స్టాఫు మాత్రం అరవై ముగ్గురం ఉన్నాం. లెక్చరర్లు లేకపోయినా కేంద్రం ఒక్కరోజు కూడా మూతపడలేదంటే ఆఫీసు అంత గట్టిగా ఉండబట్టే.

నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంట్‌ని. సీనియారిటీ జాబితా నా బీరువాలో ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా దాన్ని నేనే రాస్తున్నాను, నేనే దిద్దుతున్నాను. ఒకే రోజు చేరిన ఇద్దరిలో ఎవరు పొద్దున చేరారో, ఎవరు భోజనాలయ్యాక చేరారో అడిగితే చూడకుండా చెప్పగలను. మా క్యాంటీనులో టీ కూడా మావాళ్ళు ఆ వరసలోనే అందుకుంటారు. నేనెవరికీ చెప్పలేదు, వాళ్ళకే అలవాటైపోయింది.

ఆ జాబితాలో పేరు లేని మనిషి మా దగ్గర ఒకామె ఉంది. తాడికొండ విమలకుమారి, లైబ్రరీలో కాంట్రాక్టు అసిస్టెంటు. కాంట్రాక్టు వాళ్ళకి సీనియారిటీ ఉండదు. పదకొండేళ్ళ క్రితం చేరినప్పుడు ఎక్కడ ఉందో ఇప్పుడూ అక్కడే ఉంది.

లెక్చరర్లు వెళ్ళిపోయాక విద్యార్థులు లైబ్రరీకి ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఫలానా పాళీ మాటకి అర్థమేమిటి, కొడుకు తండ్రిని ఎలా చూడాలంటాడు ఈ చైనా ఆయన, ఇవీ ప్రశ్నలు. విమలకుమారి పుస్తకాలు తీసి చదివి చెప్పేది. చెప్పిందే పదిమందికి చెప్పలేక, అంతర్జాలంలో ఉచితంగా ఒక పేజీ తెరిచి అందులో పెట్టడం మొదలుపెట్టింది. ఏళ్ళు గడిచేసరికి అది నలభై పాఠాలైంది. తేలిక తెలుగు వివరణలు, మాటల పట్టిక, ఏ మూల గ్రంథం ఏ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుందో దారులు, చదివే తీరిక లేనివాళ్ళకి తన గొంతుతోనే చదివి రికార్డు చేసిన పాఠాలు. మా కేంద్రం ఫలితాలు తొంభై శాతం దాటడానికి కారణం ఆ పేజీయేనని అందరికీ తెలుసు. ఎవరమూ ఎక్కడా రాయలేదు, ఎందుకంటే దానికి ఫైలు లేదు.

ఇలా ఉండగా కొత్త డైరెక్టరుగా వైకుంఠరావు గారు వచ్చారు. గొర్రెల పెంపకం శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. మనిషి హుషారు. చేరిన రోజే ఆరొందల మంది విద్యార్థులకీ టీకాలు పడ్డాయా అని అడిగి, వెంటనే సర్దుకున్నారు. రెండో రోజు విమలకుమారి పేజీ సంగతి విన్నారు. మూడో రోజు సమావేశం పెట్టారు.

"ఒక కాంట్రాక్టు ఉద్యోగి, ఏ విధమైన పాలనాపరమైన అనుమతి లేకుండా, ఫైలు నంబరు లేకుండా, ఆరు వందల మందికి తొమ్మిది సంవత్సరాలుగా జ్ఞానాన్ని విడుదల చేస్తూ ఉంటే, ఈ వ్యవస్థ నిద్రపోతున్నదా?" అన్నారు.

వ్యవస్థ అంతా ఆయన ఎదురుగానే కూర్చుని ఉంది.

జ్ఞానాన్ని ఇకమీదట సమగ్ర దృక్పథంతో, దశలవారీగా, జవాబుదారీతనంతో పంపిణీ చేయాలన్నారు. అందుకోసం 'బోధిసోపానం' అనే పోర్టల్ వచ్చింది. లోపల పెట్టడానికి పాఠాలు కావలసి వచ్చాయి. ఎవరి దగ్గరా లేవు కాబట్టి విమలకుమారి పాఠాలు నలభైనీ తీసుకున్నారు. ఆమె పేరుండే చోట డైరెక్టరు గారి ఫోటో పెట్టారు. పోర్టల్ మొదలైన రోజునుంచి పాత పేజీ మూసేయాలని ఉత్తర్వు. ఒకే విషయం, ఒకే వేదిక అని దానికి పేరు.

ముందు స్టాఫు చదవాలి, తర్వాత విద్యార్థులు. గురువులకి రాని జ్ఞానం శిష్యులకి ఎలా ఇస్తామని డైరెక్టరు గారి వాదన. స్టాఫులో ముందు ఎవరు చదవాలన్న ప్రశ్న వచ్చింది. నా ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నన్ను ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. లేచి నిలబడి చెప్పాను. కన్ఫ్యూషియస్ గారు పెద్దవాళ్ళకి పెద్దరికం ఇమ్మన్నారు కదా, దాన్ని మా సర్వీసు నిబంధనలతో కలిపితే సరిపోతుందన్నాను. జాబితాలో ఒకటో నంబరు నలభై పాఠాలూ పూర్తి చేసి జ్ఞానోదయ పత్రం పొందాక రెండో నంబరుకి పోర్టల్ తెరుచుకుంటుంది. రెండోవారికి అయ్యాక మూడో వారికి. అరవై ముగ్గురికీ అయ్యాక విద్యార్థులకి. డైరెక్టరు గారు బల్ల చరిచారు. ఆ రోజు ఇంటికి వెళ్ళేదాకా నా కాళ్ళు నేలమీద లేవు.

ఇక్కడ చిన్న చిక్కొచ్చింది. పోర్టల్లో మొదట ఎవరి పాఠాలు రావాలి, బుద్ధుడివా, కన్ఫ్యూషియస్‌వా? సీనియారిటీ ఒప్పుకున్నాక ఎక్కడైనా ఒప్పుకోవాలి. ఇద్దరూ దాదాపు ఒకే కాలం వాళ్ళు. ఇద్దరికీ సర్వీసు రిజిస్టరు లేదు. పుట్టిన తేదీ ధ్రువపత్రం జతపరచమని లైబ్రరీకి మెమో వేశాం. పండితులే తేల్చలేదండీ అని విమలకుమారి జవాబు రాసింది. పండితులు తేల్చలేనిది తేల్చడానికే కదా కమిటీలుంటాయి. కమిటీ నాలుగుసార్లు కూర్చుంది. చివరికి అమరావతి మనకి కూతవేటు దూరం కాబట్టి బుద్ధుణ్ణి లోకల్‌గా, కన్ఫ్యూషియస్‌ని నాన్‌లోకల్‌గా పరిగణించి, లోకల్ అభ్యర్థికి ప్రాధాన్యమిచ్చాం. ఏడేళ్ళ స్థానిక చదువు సర్టిఫికెట్ లేదన్న అభ్యంతరాన్ని డైరెక్టరు గారు ప్రత్యేకంగా సడలించారు.

జ్ఞానోదయ పత్రానికి నమూనా కూడా నేనే తయారుచేశాను. నలభై పాఠాలయ్యాక తెరమీద ఒక ప్రకటన వస్తుంది. 'నాలో కోరికలేవీ మిగిలి లేవని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను. ఇది అసత్యమని తేలితే క్రమశిక్షణా చర్యకు బద్ధుణ్ణి.' దాని పక్కన గడిలో టిక్కు పెట్టాలి. కోరిక ఏదైనా మిగిలి ఉంటే అనుబంధం-ఖ నింపాలి. అందులో రెండే గడులు. మిగిలిన కోరిక వివరం ఒకటి, ఎప్పటికి విడిచిపెట్టగలరన్నది రెండోది. అనుబంధం నింపినవాళ్ళు ఆ కోరిక తీరేదాకా, లేదా చచ్చేదాకా, జ్ఞానులు కారు. జ్ఞానులు కానివాళ్ళకి ప్రమోషన్ ఉండదు. ఈ చివరి వాక్యం డైరెక్టరు గారు తన చేత్తో కలిపారు.

పోర్టల్ ప్రారంభమైంది. పాత పేజీ మూతపడింది. విమలకుమారి జాబితాలో లేదు కాబట్టి, తను రాసిన పాఠాలు తనకి తెరుచుకోవు. ఆ సంగతి ఆమె నాకు వచ్చి చెప్పినప్పుడు, నిబంధన అందరికీ ఒకటేనమ్మా అన్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, అప్పుడు గర్వంగానే అన్నాను.

జాబితాలో ఒకటో నంబరు చేబ్రోలు పరబ్రహ్మం గారు, డిప్యూటీ డైరెక్టరు. అప్పటికి ఆయన రిటైర్మెంటుకి ఐదు నెలలుంది. ముప్ఫై ఐదేళ్ళ సర్వీసులో ఒక్క అబద్ధపు సెలవు చీటీ పెట్టని మనిషి. మనిషి మంచివాడే గానీ కంప్యూటరు ముట్టుకోరు. తగిలితే ఏదో ఒకటి చెరిగిపోతుందని భయం. అందుకని ఆయనకి పాఠాలు చదివి వినిపించమని విమలకుమారిని వేశాం. ఆమె తెర చూడకూడదు. దానికీ పద్ధతి ఆలోచించాను. తెర పరబ్రహ్మం గారి వైపు ఉంటుంది. విమలకుమారి బల్లకి అవతల, తెర వెనకాల కూర్చుని, పాఠాన్ని జ్ఞాపకం మీద చెబుతుంది. ఆయన తెర చూసుకుంటూ సరిగ్గా చెబుతోందో లేదో సరిచూసుకుంటారు.

నలభై పాఠాలూ ఆమె ఒక్క పొల్లు తప్పకుండా చెప్పింది. మొదట్లో ఆయన కూడా ఉద్యోగ ధర్మంగానే విన్నారు. పదో పాఠం దాటాక ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. ఇరవయ్యో పాఠం నాటికి టీ మరిచిపోయి వింటున్నారు. ఆయన టీ మరిచిపోతే వరసలో కిందున్న మేము అరవై రెండుమందిమీ ఆగిపోతాం. అలా ఆగి, గుమ్మంలో నిలబడి మేమూ కొంత విన్నాం. తెరవకూడదని రాశాను గానీ వినకూడదని ఎక్కడా రాయలేదు.

ఇరవై మూడో పనిదినాన ప్రకటన వచ్చింది. డైరెక్టరు గారు పూలదండ తెప్పించి గదిలో నిలబడ్డారు. నేను పరబ్రహ్మం గారి వేలు పట్టుకుని మౌసు మీద పెట్టాను. ఆయన వేలు వెనక్కి తీసుకున్నారు.

"నాకు కోరికలున్నాయండీ. లేవని ప్రభుత్వానికి ఎట్టా రాసిచ్చేది?" అన్నారు.

ఏం కోరికని డైరెక్టరు గారు అడిగారు. పరబ్రహ్మం గారు కాసేపు కిటికీ వైపు చూసి, తలవంచుకుని, పునుగులండీ అన్నారు. మా ఆఫీసు సందు చివర సాయంత్రం నాలుగింటికి ఒక పునుగుల బండి వస్తుంది. వేడివేడిగా పునుగులు, అల్లం చట్నీ, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయలు. ఆయనకి షుగరు వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో ఆవిడ ఆరేళ్ళుగా తిననివ్వడం లేదు. ఆయన తినడమూ లేదు. కానీ నాలుగయ్యేసరికి మనసు సందు చివరికి వెళ్ళి నిలబడుతుందట. అది ఉన్నంతకాలం లేదని టిక్కు పెట్టలేనన్నారు.

మరొకరైతే పెట్టేసేవారు. నా మట్టుకు నేను కళ్ళు మూసుకుని పెట్టేసేవాణ్ణి. జ్ఞానోదయానికి కావలసిన నిజాయితీ ఉన్న మనిషి జాబితాలో ఒకటో నంబరుగా ఉండటం వల్ల మొత్తం కేంద్రానికి జ్ఞానోదయం ఆగిపోయింది.

ఆయన్ని దాటి రెండో నంబరుకి ఇద్దామా అని డైరెక్టరు గారు అడిగారు. అలా దాటవేయాలంటే ముందు చార్జి మెమో ఇవ్వాలి, పునుగుల మీద ఇష్టం చార్జి కాదు, ఆయన కోర్టుకి వెళితే మనం నిలబడలేమని చెప్పాను. పోనీ తానే ముందు తీసుకుంటానన్నారు. ఆయన పేరు మా జాబితాలో లేదు, గొర్రెల శాఖ జాబితాలో ఉంది. అక్కడ తన పైనున్న నలభై ఒక్కమందికి జ్ఞానోదయమైతే గానీ తనకి కాదు. ఆ శాఖకి ఉత్తరం రాశాం. ప్రస్తుతం తమ దగ్గర జ్ఞానోదయ ఖాళీలు లేవనీ, మంజూరైనప్పుడు పరిశీలిస్తామనీ జవాబొచ్చింది.

అప్పుడు కోరికల నివారణ ఉపసంఘం ఏర్పడింది. తీరితే పోతుందని ఒక సభ్యుడన్నాడు. ఇంట్లో ఆవిడ ప్రత్యేక అనుమతితో ఒక ప్లేటు తెప్పించి పరబ్రహ్మం గారి చేత తినిపించారు. ఆరేళ్ళ తర్వాత తిన్నారు కాబట్టి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మర్నాడు అడిగితే, నిన్నటిదాకా జ్ఞాపకం మీద కోరిక ఉండేది, ఇప్పుడు రుచి మీద కూడా ఉందని చెప్పారు. ఉపసంఘం దాన్ని తాత్కాలిక వెనకంజగా నమోదు చేసింది. తర్వాత బండిని అక్కణ్ణుంచి పంపించేయాలని తీర్మానం చేశారు. బండివాడు మంచివాడు, గొడవెందుకులెమ్మని సందు చివర నుంచి తీసి మా ఆఫీసు గేటు ఎదురుగా పెట్టుకున్నాడు. ఇప్పుడు పరబ్రహ్మం గారి గదిలోకి నూనె వాసన నేరుగా వస్తుంది. ఉపసంఘం సభ్యులు ముగ్గురూ సాయంత్రాలు అక్కడే కనబడేవారు. పరిశీలన కోసమని చెప్పేవారు.

ఇదంతా సరదాగానే నడిచింది, అక్టోబరు దాకా. అప్పుడు మాచర్ల డిపో నుంచి గురవయ్య అనే కండక్టరు వచ్చాడు. మా విద్యార్థే. యూనిఫాం మీదే వచ్చాడు, భుజాన టిక్కెట్ల సంచీ కూడా తీయలేదు. పరీక్షలు డిసెంబరు మొదటి వారంలో ఉన్నాయి. విమలకుమారి గొంతులో పాఠాలు డ్యూటీ దిగాక బస్టాండులో కూర్చుని వినేవాడట. రెండు నెలలుగా పేజీ లేదు. పోర్టల్ తెరిస్తే 'మీ ముందు అరవై ముగ్గురు ఉన్నారు, దయచేసి వేచి ఉండండి' అని వస్తోంది.

"బస్సు కోసమైతే నిలబడతామండీ, అది ఏదో ఒక టైముకి వస్తది. ఇది ఎప్పటికి వచ్చుద్దో చెప్పండి, ఆ టైముకే వస్తా," అన్నాడు.

చెప్పడానికి నా దగ్గర టైము లేదు. వేచి ఉండమన్నాను. అతను లైబ్రరీలోకి వెళ్ళి విమలకుమారికి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆమె నా దగ్గరికి వచ్చింది. పదకొండేళ్ళలో నా సెక్షన్లో ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. నేనే కూర్చోమన్నాను.

"నేను జాబితాలో లేను. ఎప్పుడూ లేను, దానికి నాకు బాధ లేదండి," అంది. "వాళ్ళేం చేశారు సార్? ఆరొందల మంది ఈ ఏడు పరీక్ష తప్పితే మళ్ళీ కట్టరు. కట్టే ఓపిక ఉన్నవాళ్ళు కాదు. మీరు రాసిన నిబంధనే కదా, మీరే ఇంకోటి రాయలేరా?"

నన్ను ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. ఆమె గొంతు పెంచలేదు, ఏడవలేదు. నేను ఇరవై ఆరేళ్ళుగా వరసలు కట్టాను గానీ వరసలో చివర ఎవరున్నారని ఏనాడూ తల తిప్పి చూడలేదు.

నాకు తెలిసిన విద్య ఒక్కటే, నోటు రాయడం. ఆ మధ్యాహ్నం కూర్చుని రాశాను. పరీక్షల ఫలితాలు పడిపోతే బాధ్యత కేంద్రాధిపతి మీద పడే అవకాశం ఉన్నందున, మొదటి జ్ఞానోదయం నమోదయ్యే తేదీ వరకు పాత పేజీని తాత్కాలిక ఏర్పాటుగా తెరిచి ఉంచవచ్చుననీ, అది నమోదైన రోజునే శాశ్వతంగా మూసివేయవచ్చుననీ రాశాను. మొదటి భాగం చూసి డైరెక్టరు గారు ఉలిక్కిపడ్డారు. రెండో భాగం చూసి స్థిమితపడ్డారు. జ్ఞానోదయం ఇవాళో రేపో అవుతుందన్న నమ్మకం ఆయనది. సంతకం పెట్టేశారు.

ఆ సాయంత్రమే పేజీ తెరుచుకుంది. పరబ్రహ్మం గారికి సంగతి చెప్పాను. ఆయన నోటు నకలు తీసుకుని రెండుసార్లు చదివారు. తర్వాత, "అయితే నా పునుగుల వల్ల ఆ పిల్ల పేజీ నిలబడి ఉందన్నమాట," అన్నారు. అవునన్నాను. "ఇన్నాళ్ళూ ఆ కోరిక ఉన్నందుకు సిగ్గుపడుతూ వచ్చానండీ. ఇకనుంచి కాస్త జాగ్రత్తగా చూసుకుంటా," అన్నారు.

చూసుకున్నారు కూడా. డైరెక్టరు గారు వారానికోసారి వచ్చి కోరిక ఎలా ఉందని అడిగేవారు. కులాసాగానే ఉందండీ అని ఈయన చెప్పేవారు.

పరీక్షలు జరిగాయి. తొంభై మూడు శాతం పాసయ్యారు. గురవయ్యకి ఫస్టు క్లాసు వచ్చింది. ఇది బోధిసోపానం సాధించిన విజయమని డైరెక్టరు గారు పైకి నివేదిక పంపారు. అప్పటికి బోధిసోపానంలో ఒక్కరు కూడా మెట్టెక్కలేదు.

డిసెంబరు ముప్ఫై ఒకటిన పరబ్రహ్మం గారు రిటైరయ్యారు. శాలువా కప్పాం, దండ వేశాం, విమలకుమారి చేత మాట్లాడించాం. సభ అయిపోగానే డైరెక్టరు గారు నా భుజం మీద చెయ్యి వేశారు. నా వరస సంగతి ఇంతవరకూ చెప్పలేదు. జాబితాలో రెండో నంబరుని నేను. రేపటినుంచి ఒకటో నంబరుని.

"డిప్యూటీ డైరెక్టరు పోస్టు ఈ క్షణం నుంచి ఖాళీ. దానికి అర్హులైన ఏకైక వ్యక్తి మీరు. ప్రథమ జ్ఞానిగా మీ చిత్రపటం మన ముఖద్వారంలో శాశ్వతంగా ప్రతిష్ఠించబడుతుంది. కావలసిందల్లా ఒక్క టిక్కు," అన్నారు.

డిప్యూటీ డైరెక్టరు! నేను చేరిన రోజునుంచి ఆ గది తలుపు మీద పేరు పలక చూస్తూ వచ్చాను. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ అక్షరాల సైజులో నా పేరు పడుతుందా లేదా అని లెక్క కూడా వేశాను, పడుతుంది. ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ అప్పుడే ఫోటోకి ఏ చొక్కా అని బీరువా తెరిచింది. సర్వీసు ఇంకా మూడేళ్ళుంది. ఈ అవకాశం మళ్ళీ రాదు.

జనవరిలో పాఠాలు చదవడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే మా కేంద్రం దేన్ని బోధిస్తుందో అది నేను చదవడం అదే మొదలు. గుమ్మంలో నిలబడి విన్నది వేరు, కూర్చుని చదవడం వేరు. పన్నెండో పాఠంలో విమలకుమారి ఆశ గురించి చెప్పడానికి సీటు కోసం కిటికీలోంచి తువ్వాలు విసిరే ప్రయాణికుణ్ణి తీసుకుంది. బస్సెక్కకముందే అతని మనసు అందులో కూర్చుంటుందట. ఇరవై తొమ్మిదో పాఠంలో, పెద్దవాడంటే ముందు నడిచేవాడు మాత్రమే కాదు, వెనకవాళ్ళు దాటేదాకా తలుపు పట్టుకుని నిలబడేవాడు కూడా అని రాసింది. అక్కడ నేను ఆగిపోయాను. మర్నాడు మళ్ళీ ఆ పాఠమే చదివాను. నేను ప్రమోషన్లు కోరుకుంటూ, ఇంత మంచి తెలుగు రాసే మనిషిని బల్లకి అవతల, తెర వెనక కూర్చోబెట్టాను. ఏడుపొచ్చింది. సెక్షన్లో జనం ఉన్నారని ఫైలు అడ్డం పెట్టుకున్నాను.

ఫిబ్రవరి రెండో వారంలో నలభయ్యో పాఠం అయింది. ప్రకటన వచ్చింది. డైరెక్టరు గారు, దండ, ఫోటో తీసేవాడు, అందరూ ఉన్నారు. గుమ్మంలో స్టాఫు వరసగా నిలబడ్డారు, సీనియారిటీ ప్రకారమే. వరసలో లేని విమలకుమారి కిటికీ దగ్గర నిలబడి ఉంది. నేను టిక్కు పెడితే ఆమె పేజీ ఆ రోజే పోతుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు, ఆ షరతు రాసిన నాకు ఇంకా బాగా తెలుసు. ఆమె నా వైపు చూడటం లేదు. బయట పునుగుల బండి వైపు చూస్తోంది.

మౌసు పట్టుకున్నాను. టిక్కు పెడితే ప్రమోషన్ వస్తుంది. ప్రమోషన్ కోసం టిక్కు పెడితే కోరిక ఉన్నట్టే. ఉండగా లేదని పెడితే అసత్య ప్రకటన. నిబంధన రాసినవాణ్ణి కాబట్టి దాంట్లో ఎక్కడ చిక్కుందో నాకు తప్ప ఎవరికీ కనబడలేదు. కానీ నన్ను ఆపింది ఆ చిక్కు కాదు. ఈ ప్రమోషన్ కోరిక కంటే పెద్దది ఇంకొకటి లోపల కూర్చుని ఉంది. అది ఎప్పుడొచ్చి కూర్చుందో కూడా నాకు తెలీదు.

అనుబంధం-ఖ తెరిచాను. మిగిలిన కోరిక వివరం అన్నచోట, 'తాడికొండ విమలకుమారి గారి పేజీ మూతపడకూడదు' అని కొట్టాను. ఎప్పటికి విడిచిపెట్టగలరు అన్నచోట, 'నా సర్వీసులో ఆశ లేదు' అని కొట్టాను. సమర్పించు నొక్కాను.

డైరెక్టరు గారు తెర చదివి, నన్ను చూసి, దండని చూసుకున్నారు. ఇది తొందరపాటు నిర్ణయమనీ, సముచిత వేదికపై పునఃపరిశీలించబడుతుందనీ చెప్పి వెళ్ళిపోయారు. పోయేముందు దండ అక్కడే కుర్చీ మీద పెట్టారు. ఆ కుర్చీ రెండు రోజులు మా ఆఫీసులో అందరికంటే గౌరవంగా కనబడింది. మా ఆవిడ మాత్రం చొక్కా మళ్ళీ మడతపెడుతూ, ఆ అమ్మాయిని ఒకసారి భోజనానికి పిలవండి, ఎవరో చూద్దాం అంది.

సాయంత్రం నాలుగింటికి గేటు బయటికి వచ్చాను. పరబ్రహ్మం గారు అక్కడే ఉన్నారు. రిటైరయ్యాక నెలకి రెండుసార్లు తినడానికి ఇంట్లో అనుమతి సంపాదించారు, అందులో ఒకటి ఆ రోజు వాడుకున్నారు. విమలకుమారి కూడా వచ్చింది. మూడు ప్లేట్లు చెప్పాను. బండివాడు మొదటి ప్లేటు పరబ్రహ్మం గారికి అందించబోతే, ఆయన దాన్ని తీసుకుని విమలకుమారి చేతిలో పెట్టారు. ఆమె చట్నీ కాస్త ఎక్కువ వేయమంది.

తినడం సగమయ్యేసరికి మస్తాన్‌రావు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పరీక్షల విభాగంలో ఉంటాడు, జాబితాలో నా తర్వాతి నంబరు. నేను మూడేళ్ళకి రిటైరైతే ఒకటో నంబరు అతనే. కాసేపు నసిగి, నా చెవి దగ్గరికి వచ్చాడు.

"సార్, మీ తర్వాత నేనే కదా. అప్పుడు నేను కూడా ఆ కోరికే రాయొచ్చాండీ? వేరేది వెతుక్కోవాలా?"

"వెతుక్కోనక్కర్లేదు," అన్నాను. "అది ఇప్పుడు ఆఫీసు కోరిక. సీనియారిటీ ప్రకారం మీకే వస్తుంది."